ఒడిలో కుంపటి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలు అంటారు. కృష్ణా గోదావరి తీరాల్లోనూ, తెలంగాణ పల్లెల్లోనూ ఆ మాట చాలావరకు నిజమే. శివరాత్రి దాటాక దుప్పట్లు ఉతికి అటకెక్కిస్తాం. మరో నెల తిరిగేసరికి ఉగాది. అప్పటికి వేపపూత, మామిడి పిందె వచ్చేస్తాయి. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది.

సరిగ్గా అదే చైత్ర శుద్ధ పాడ్యమినాడు కాశ్మీరీ పండితులు 'నవ్‌రేహ్' అనే కొత్త సంవత్సరాది జరుపుకుంటారు. కాశ్మీరీ భాషలో వసంతానికి 'సోంత్' అని పేరు. మార్చి నడుమ నుంచి మే నడుమ దాకా సోంత్. పేరుకు వసంతమే, బాదం చెట్లు పూస్తాయి కూడా. కానీ ఇంట్లో కూర్చున్నవాళ్ళు మాత్రం వణుకుతూనే ఉంటారు! డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజుల 'చిల్లా-ఇ-కలాన్', ఆ తరువాత ఇరవై రోజుల చిన్న చలి, పది రోజుల పసి చలి, అన్నీ కలిపి మార్చి తొలి రోజులకు లెక్క ముగిసిపోవాలి. కానీ చలి ఈ లెక్క వినదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే 'పశ్చిమ అలజడులు' వసంతంలోనూ ఆగవు. శ్రీనగర్‌లో అన్నిటికంటే ఎక్కువ వాన కురిసే నెల జూలై కాదు, మార్చి. రాత్రి ఉష్ణోగ్రత 3, 4 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుంది. చుట్టూ కొండల మీద మంచు ఇంకా కరగదు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. వాన వెలిసి ఎండ కాసిన వసంతపు పగలు, వీధిలో హాయిగా ఉంటుంది. ఇంట్లోకి అడుగు పెడితే ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకని?

గోడలకూ జ్ఞాపకం ఉంది

ఈ ప్రశ్నకు దారి చూపినవాడు ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫోరియర్. నెపోలియన్ సైన్యంతో 1798లో ఈజిప్టు వెళ్ళి, అక్కడి వేడికి అలవాటుపడి, తిరిగి వచ్చాక గదులను విపరీతంగా వేడిచేయించుకునేవాడని ఆయన గురించి చెప్పుకుంటారు. వేడి ఘనపదార్థంలో ఎలా పాకుతుందో ఆయన 1822లో అచ్చయిన గ్రంథంలో లెక్కకట్టి చూపాడు. పైన ఉష్ణోగ్రత పెరిగి తగ్గుతూ ఉంటే ఆ హెచ్చుతగ్గులు ఒక అల లాగా లోపలికి వెళతాయి. లోతుకు పోయేకొద్దీ ఆ అల బలహీనపడుతుంది, ఆలస్యమూ అవుతుంది.

ఈ ఆలస్యాన్ని కళ్ళారా చూసినవాడు ఎడిన్‌బరోలో జేమ్స్ డేవిడ్ ఫోర్బ్స్. ఆయన 1837లో పొడవాటి థర్మామీటర్లను నేలలోకి దించాడు. అన్నిటికంటే లోతైనది 24 ఫ్రెంచి అడుగులు, అంటే ఏడున్నర మీటర్లకు పైమాటే. అంత లోతున ఏడాది మొత్తంలో అత్యధిక ఉష్ణోగ్రత కనబడింది వేసవిలో కాదు, చలికాలం నడిమధ్యన! జూలై, ఆగస్టు వేడి అంత లోతుకు చేరేసరికి జనవరి వచ్చేసిందన్నమాట.

ఇదే లెక్కను తిరగేసి చూడండి. మామూలు నేలలో ఏడాది అల మీటరు లోతుకు సుమారు మూడు వారాలు వెనుకబడుతుంది. కాబట్టి మార్చి నెలాఖరులో శ్రీనగర్ ఇంటి అరుగు కింద, రెండు మీటర్ల లోతున, ఇంకా ఫిబ్రవరి చలే ఉంటుంది. గోడల జ్ఞాపకం మరీ అంత దీర్ఘం కాదు. అడుగు మందం ఇటుక గోడ, పగటి వేడిని తొమ్మిది పది గంటల ఆలస్యంతో లోపలికి పంపుతుంది. అదీ బాగా బలహీనపరిచి పంపుతుంది. వానపడి తడిసిన గోడైతే నీరు ఆవిరయ్యేందుకు కూడా కొంత వేడిని తినేస్తుంది. మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఏప్రిల్ నెలలో డాబా ఇంట్లో పడుకున్నవాళ్ళను అడగండి. సూర్యుడు అస్తమించి మూడు గంటలైనా పైకప్పు నుంచి సెగ కొడుతూనే ఉంటుంది. మన కప్పు మధ్యాహ్నపు ఎండను గుర్తుంచుకుంటే, వాళ్ళ నేల మాఘమాసపు మంచును గుర్తుంచుకుంటుంది.

అయితే గోడ చల్లగా ఉంటే మనకేం? దాన్ని మనం తాకడం లేదు కదా! తాకనక్కర్లేదు. విశ్రాంతిగా కూర్చున్న మనిషి దేహం సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తుంది. దుస్తుల పైభాగం 25 డిగ్రీల దగ్గర, చుట్టూ గోడలు 10 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. కంటికి కనబడని పరారుణ కిరణాల రూపంలో మన ఒంటినుంచి గోడలకు పోయే వేడే దాదాపు 100 వాట్లు. ఇక గాలికి పోయేది అదనం. అంటే ఆదాయమంతా ఒక్క అప్పులవాడికే సరిపోయింది! అందుకే గదిలో గాలి 20 డిగ్రీలు ఉన్నా, గోడలు 10 దగ్గర ఉంటే మనకు 15 డిగ్రీల గదిలో ఉన్నట్టే ఉంటుంది. మామూలు థర్మామీటరు ఈ సంగతి చెప్పదు. నల్లరంగు పూసిన బోలు రాగి గోళంలో థర్మామీటరు దూర్చి దీన్ని కొలవవచ్చని బ్రిటన్‌లో హెచ్.ఎం. వెర్నన్ 1930 ప్రాంతంలో చూపాడు. రాగి గోళం దొరకకపోతే దిగులు పడనవసరం లేదు. ఇంటి లోపలి కొలతలకు 40 మిల్లీమీటర్ల గోళమే మేలని 1977లో మైకేల్ హంఫ్రీస్ లెక్కతేల్చాడు. అది టేబుల్ టెన్నిస్ బంతి సైజు. బంతికి నల్లరంగు వేసి, కన్నం పెట్టి, థర్మామీటరు బల్బును లోపల ఉంచి మీ ఇంట్లోనే చూడవచ్చు.

గదినా, మనిషినా?

చల్లని ఇంట్లో బతకడానికి మనుషులు రెండు దారులు వెతికారు. ఒకటి గదిని వేడిచేయడం. రెండోది గదిని వదిలేసి మనిషిని మాత్రమే వేడిచేయడం.

మొదటి దారిలో ఇంగ్లండు చాలా కట్టెలూ, ఆపైన చాలా నేలబొగ్గూ తగలేసింది. గోడలో కట్టిన పొయ్యి ముందు కూర్చుంటే ముఖం మాడుతుంది, వీపు గడ్డకడుతుంది. వేడిలో అధికభాగం పొగగొట్టం గుండా ఆకాశానికి పోతుంది. ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడిని చూసి, వేడి అనేది ఒక పదార్థం కాదని 1798లో వాదించిన కౌంట్ రంఫర్డ్ మీ భౌతికశాస్త్ర పుస్తకంలో ఉండే ఉంటాడు. ఆయనే అంతకు రెండేళ్ళ ముందు ఈ పొయ్యిల సంగతి పట్టించుకున్నాడు. పొగగొట్టం గొంతును ఇరుకుచేశాడు. పొయ్యి పక్కగోడలను ఏటవాలుగా పెట్టి, వేడి గదివైపు ప్రసరించేట్టు చేశాడు. నాకైతే ఫిరంగి ప్రయోగం కంటే ఈ పొయ్యే ఎక్కువమందికి ఉపకరించిందనిపిస్తుంది.

కాశ్మీరు రెండో దారి పట్టింది. పాతకాలపు కాశ్మీరీ ఇళ్ళలో చెక్క జాలీ కిటికీలే ఎక్కువ. చలికాలం రాగానే వాటికి కాగితాలు అంటించేవారు. అటువంటి గదిని వేడిచేయడమంటే చిల్లికుండలో నీళ్ళు పోయడమే. అందుకని ఒక చిన్న మట్టికుండ, దాని చుట్టూ సన్నటి విల్లో బెత్తాలతో అల్లిన బుట్ట, పట్టుకోవడానికి పైన పిడి. కుండలో కట్టెబొగ్గు లేదా చినార్ ఆకుల బొగ్గు, దాని మీద కొన్ని నిప్పులు, ఆపైన బూడిద. ఇదే కాంగ్రి. మోకాళ్ళ కిందికి దిగే వదులైన ఉన్ని 'ఫెరన్' లోపల దీన్ని పెట్టుకుని కూర్చుంటారు, నడుస్తారు. కొందరు పక్కలో పెట్టుకుని నిద్రపోతారు కూడా. మనకు 'నివురు గప్పిన నిప్పు' ఒక జాతీయం. వాళ్ళకది రోజువారీ నైపుణ్యం. బూడిదను కొంచెం కదిపితే వేడి పెరుగుతుంది, కప్పితే తగ్గుతుంది. 'గుండెల మీద కుంపటి' అని మనం తీరని బాధకు అంటాం. వాళ్ళకు ఒడిలో కుంపటి అంటే సుఖం.

సుఖం ఎంత చవకో చూడండి. పావుకిలో బొగ్గు ఆరు గంటలపాటు కాలిందనుకుందాం. దానినుంచి వచ్చే శక్తి సగటున 340 వాట్లు. గదిలో పెట్టే కరెంటు హీటరు 1000 నుంచి 2000 వాట్లు తింటుంది. అందులో చాలాభాగం గోడలకూ కిటికీలకూ అర్పణ. కాంగ్రి వేడి మాత్రం ఫెరన్ కింద, ఒంటికీ గుడ్డకూ నడుమ చిక్కుకుని ఉంటుంది. దేహం స్వయంగా పుట్టించే 100 వాట్లకు అందులో కొంత చేరినా చాలు. కట్టెలు కొనలేని కుటుంబం రాలిన ఆకులతో చలిని గెలిచిందంటే చిన్న సంగతి కాదు.

ఇంత తెలివైన వస్తువు ఎక్కడిది? పందొమ్మిదో శతాబ్దపు యూరోపియన్లలో కొందరికి ఒక ఊహ కలిగింది. ఇటలీలో 'స్కాల్దీనో' అనే చేతి కుంపటి ఉంది. మొఘలు చక్రవర్తుల పరివారంలో ఇటాలియన్లు ఉండేవారు. కనుక కాంగ్రిని కాశ్మీరుకు తెచ్చింది వాళ్ళే కావాలి! అమరకోశం వల్లెవేసిన మన తాతలు ఈ మాట వింటే నవ్వి ఉండేవారు. మొఘలులకు ఎన్నో శతాబ్దాల ముందటి ఆ నిఘంటువులోనే నిప్పులు పెట్టుకునే పాత్రకు అంగారధానిక, అంగారశకటి, హసంతి అని పేర్లున్నాయి. హసంతి అంటే 'నవ్వుతున్నది' అని అర్థం. నిప్పుల వెలుగును నవ్వుగా చూశారు కాబోలు. పన్నెండో శతాబ్దపు కాశ్మీరీ కవి మంఖకుడి 'శ్రీకంఠ చరితం'లో ఈ హసంతిక కనబడుతుందని సంస్కృత పండితులు ఎత్తి చూపారు. నిప్పుల కుండను ఎవరో ఒకరు కనిపెట్టి దేశదేశాలకు పంచారనుకోవడం కంటే, చలీ మట్టీ బొగ్గూ ఉన్నచోటల్లా అది పుట్టిందనుకోవడమే సబబుగా ఉంటుంది.

తొడమీద మచ్చ

చవకగా దొరికిన ఈ వెచ్చదనానికి చెల్లింపు మరోచోట జరిగింది. విలియం ఎల్మ్స్లీ అనే స్కాటిష్ మిషనరీ వైద్యుడు 1865లో కాశ్మీరుకు వచ్చాడు. చలికాలంలో అక్కడ ఉండడానికి అప్పట్లో యూరోపియన్లకు అనుమతి లేదు. ఆయన వేసవిలో వైద్యం చేసి, చలి రాగానే కొండలు దిగిపోవలసి వచ్చేది. కాంగ్రిలు రాజ్యమేలే నెలలను చూడకపోయినా, అవి మిగిల్చిన గుర్తులు ఆయన కంటబడ్డాయి. కాశ్మీరీల్లో చర్మపు పైపొరలో వచ్చే ఒక రకం క్యాన్సర్ గురించి 1866లో 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో రాశాడు.

ఆయన తరువాత ఆర్థర్ నీవ్, ఎర్నెస్ట్ నీవ్ అనే సోదరులు శ్రీనగర్ మిషన్ ఆసుపత్రిలో దశాబ్దాలపాటు పనిచేశారు. ఎర్నెస్ట్ నీవ్ 1923లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో రాసిన వ్యాసం తరువాత 'కాంగ్రి క్యాన్సర్' అనే పేరు వైద్యలోకంలో మరింత స్థిరపడింది. వాళ్ళ వాదనలో గట్టి భాగం ఏమిటంటే, చోటు. ఇటువంటి చర్మ క్యాన్సర్లు మిగతా చోట్ల ఎక్కువగా ముఖం మీదా, పెదవి మీదా వస్తాయి. కాశ్మీరులో తొడల లోపలివైపు, పొత్తికడుపు మీద వస్తున్నాయి. సరిగ్గా కాంగ్రి ఆనే చోట! ఏళ్ళ తరబడి వేడి సోకిన చర్మం మీద ముందు ఎర్రగా, తరువాత గోధుమరంగులో వలలాంటి మచ్చ ఏర్పడుతుంది. ఆపైన చర్మం మొద్దుబారుతుంది, పొలుసు కడుతుంది. కొందరిలో, చాలా ఏళ్ళకు, మానని పుండు. లింఫు గ్రంథులకు పాకాక వచ్చినవాళ్ళను కాపాడడం కష్టమయ్యేది.

ఇక్కడ లండన్‌ను మరోసారి తలచుకోవాలి. గదిని వేడిచేసే దారి పట్టిన ఆ నగరంలో పొగగొట్టాలకు పట్టిన మసిని గీకడానికి చిన్నపిల్లలను లోపలికి ఎక్కించేవారు. పెద్దయ్యాక వాళ్ళకు వృషణాల తిత్తి చర్మం మీద క్యాన్సర్ వస్తోందనీ, కారణం మసేననీ 1775లో పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు రాశాడు. ఒక వృత్తికీ క్యాన్సర్‌కూ ముడిపెట్టిన తొలి రచనల్లో అది ప్రసిద్ధం. చలి కాచుకోవడంలోని రెండు దారులూ చెరొక క్యాన్సర్ పాఠాన్ని వైద్యశాస్త్రానికి అందించాయన్నమాట. ఒక తేడా ఉంది. కాశ్మీరులో మచ్చ పడింది చలి కాచుకున్నవాడి ఒంటి మీదే. లండన్‌లో వెచ్చదనం ఒకరిది, పుండు మరొకరిది.

మరి కాంగ్రిలో దోషి ఎవరు? వేడా, బొగ్గునుంచి వెలువడే రసాయనాలా? 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా కుందేళ్ళ చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ పుట్టించాక, మసిలోని రసాయనాల మీదికి అందరి దృష్టీ మళ్ళింది. కానీ జపాన్‌లోనే ఒంటికి కట్టుకునే 'కైరో' అనే వేడిపెట్టె వల్లా, చైనాలో కింద నిప్పువేసి పడుకునే 'కాంగ్' అనే ఇటుక మంచం వల్లా ఇలాంటి క్యాన్సర్లే నమోదయ్యాయి. వాటిలో ఇంధనాలు వేరు, వేడి మాత్రం ఒకటే. కాబట్టి పదేపదే కమిలిన చర్మమే మూలమనీ, పొగలోని పదార్థాలు తోడ్పడవచ్చుననీ చాలామంది అభిప్రాయం. ఆ వలలాంటి మచ్చ మాత్రం కాశ్మీరు దాటి చాలాదూరం వచ్చింది. ల్యాప్‌టాప్ కంప్యూటర్‌ను గంటల తరబడి తొడలమీద పెట్టుకునేవారిలో అదే మచ్చ కనబడుతోందని 2000ల తరువాత చర్మవైద్యులు రాయడం మొదలుపెట్టారు.

మచ్చకు ఏళ్ళు పడుతుంది. బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు ఒక్క రాత్రి చాలు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఈ విషాన్ని క్లాడ్ బెర్నార్డ్ 1850లలో కుక్కల మీద పరీక్షించి వివరించాడు. జె.ఎస్. హాల్డేన్ 1890లలో ఆ వాయువును తానే పీల్చి, తనకేమవుతోందో రాసుకున్నాడు. ఉత్తరాదిన చలిరోజుల్లో తలుపులన్నీ బిగించి, గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లవారి లేవని వార్తలు ఇప్పటికీ వస్తుంటాయి. పాత జాలీ కిటికీ కాగితం చిల్లులు ప్రాణాలు కాపాడి ఉంటాయి. బిగువైన కొత్త అద్దాల కిటికీ ఆ పని చేయదు.

ఎండను గోడలో దాచడం

గోడలే మన వేడిని తాగేస్తున్నాయని తెలిశాక, గోడలనో నేలనో వేడిచేస్తే పోలేదా? కాశ్మీరులోనే దానికి జవాబు ఉంది. మసీదుల్లోనూ, ఇటీవలి దశాబ్దాల్లో కలిగినవారి ఇళ్ళలోనూ 'హమామ్' అనే గది ఉంటుంది. నేలమీద రాతిపలకలు, వాటి కింద బోలుగా వదిలిన అర, అందులో కట్టెల మంట. పొగ బయటకు పోతుంది, రాయి గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. రోమన్ల స్నానశాలల్లోనూ, కొరియా 'ఒండోల్' ఇళ్ళలోనూ సూత్రం ఇదే. చిక్కల్లా కట్టెలతోనే, హమామ్ వాటిని బండ్లకొద్దీ అడుగుతుంది.

కట్టెలే లేని లదాఖ్‌లో మరో ఉపాయం కుదిరింది. దక్షిణం వైపు మందపు మట్టిగోడకు నల్లరంగు పూసి, దాని ముందు కొద్ది ఎడంగా అద్దం బిగిస్తారు. పగలు ఎండ తాగిన గోడ, ఫోరియర్ చెప్పిన ఆలస్యంతోనే, రాత్రికి గదిలోకి వేడిని వదులుతుంది. అమెరికాలో ఎడ్వర్డ్ మోర్స్ 1881లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఫ్రాన్స్‌లో పిరెనీస్ కొండల్లోని ఓదెయోలో 1960లలో ఫెలిక్స్ త్రాంబ్ ఇటువంటి ఇళ్ళు కట్టించాక 'త్రాంబ్ గోడ' అయింది. 1980ల నుంచి లదాఖ్‌లో స్వచ్ఛంద సంస్థలు దీన్ని వ్యాప్తిలోకి తెచ్చాయి. 1988లో సోనమ్ వాంగ్‌చుక్ ప్రభృతులు స్థాపించిన 'సెక్‌మోల్' సంస్థ మట్టితో, ఎండతో వెచ్చబడే పాఠశాల భవనాలనే కట్టుకుంది.

మరి శ్రీనగర్‌లో ఈ గోడ ఎందుకు అంతగా రాణించదు? లేహ్‌లో ఏడాది మొత్తం పడే వాన, మంచు కలిపి 100 మిల్లీమీటర్ల ప్రాంతం. శ్రీనగర్‌లో ఒక్క మార్చిలోనే దాదాపు అంత కురుస్తుంది. మబ్బు పట్టిన రోజున గోడ తాగడానికి ఎండ ఉండదు. అక్కడ గ్యాస్ పొయ్యిలు, కరెంటు దుప్పట్లు వచ్చాయి. కాంగ్రి వాడకం పట్టణాల్లో తగ్గింది. అయితే కాశ్మీరు కరెంటులో పెద్దభాగం నదుల మీద పుట్టేదే. చలికి మంచు కొండమీదే గడ్డకట్టి, నదుల్లో నీరు సన్నగిల్లిన నెలల్లోనే హీటర్లన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. అప్పుడు కోత తప్పదు. దీపం ఆరిన సాయంత్రం, ఆకురాలు కాలంలో కాల్చి గోనెలకెత్తుకున్న చినార్ బొగ్గు మళ్ళీ కుండలోకి చేరుతుంది.